చూడని చిత్రానికి చెప్పే తీర్పు

ఈ విద్యాసంవత్సరంలో మన కళాశాలలో అన్నిటికంటె ఎక్కువ వాదోపవాదాలకు గురి అయిన విషయమేదని ఎవరైనా అడిగితే, పరీక్షల పద్ధతి అని గాని, ఉపకారవేతనాల ఆలస్యమని గాని చెప్పడానికి వీలులేదు. 'ఆర్.ఆర్.ఆర్.' తర్వాత యస్.యస్. రాజమౌళి చేపట్టిన చిత్రం ఎట్లా ఉంటుందన్నదే ఆ విషయం. పఠనమందిరంలో పత్రికలు తిరగవేసేవారు, వసతిగృహంలో రాత్రి భోజనాల తర్వాత మెట్లమీద కూర్చునేవారు, క్యాంటీనులో ఒక చాయను ఇద్దరు పంచుకొనేవారు, అందరూ దీనినే చర్చిస్తున్నారు. ఉర్దూ శాఖ విద్యార్థులూ, తెలుగు శాఖ విద్యార్థులూ ఒకే విషయాన్ని గురించి ఒకరితో ఒకరు ఇంతసేపు మాట్లాడుకోవడం నేను ఈ కళాశాలకు వచ్చిన తర్వాత ఎన్నడూ చూడలేదు. అందుకు నాకు సంతోషమే. కాని ఒకనాడు ఆ మాటలు చేతులదాకా వెళ్ళినవి. పఠనమందిరంలో ఒక బల్ల విరిగింది. దానిమీదట, సినిమా పత్రికలను తెప్పించడం మానివేయాలనీ, ఆవరణలో ఈ రకమైన చర్చలను నిషేధించాలనీ కమిటీ పెద్దలలో కొందరు అభిప్రాయపడుతున్నట్లు తెలిసింది. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. విద్యార్థుల వాదన సాగుతున్న తీరుతోనూ ఏకీభవించలేను. ఈ రెండు మాటలూ చెప్పుకొనడానికే ఈ వ్యాసం.

మొదట ఆ వాదన ఏమిటో చూద్దాము. ఒక పక్షంవారి మాట ఇది: 'బాహుబలి' రెండు భాగాలతో (2015, 2017) తెలుగు చిత్రానికి భారతదేశమంతటా మార్కెట్టు తెచ్చినవాడు, 'ఆర్.ఆర్.ఆర్.' (2022)తో అమెరికా, జపాను ప్రేక్షకులను లేపి నిలబెట్టినవాడు రాజమౌళి. కీరవాణి, చంద్రబోసుల పాటకు 2023లో ఆస్కారు రావడానికి కారణమైన చిత్రం ఆయనది. కనుక మహేశ్‌బాబు కథానాయకుడుగా, 'వారణాసి' అనే పేరుతో 2025 నవంబరులో రామోజీ ఫిలిం సిటీలో ప్రకటించిన చిత్రం వీటన్నిటినీ మించక తప్పదు. రెండవ పక్షంవారు, ఎక్కినవాడు దిగక తప్పదంటారు. కథ తక్కువ, హంగు ఎక్కువ అంటారు. ఇక మీదట ఆయన తన్ను తాను అనుకరించుకోవడం తప్ప చేసేది లేదంటారు. మొదటి పక్షంవారి చేతిలో కోట్ల లెక్కలున్నవి. రెండవ పక్షంవారి చేతిలో మరొక రకం కోట్ల లెక్కలున్నవి. ఎవరి చేతిలోనూ లేనిది ఒక్కటే, ఆ చిత్రం. చర్చ మొదలైననాటికి దానిని చూచినవారు మన కళాశాలలోనే కాదు, ఎక్కడా లేరు.

సాహిత్యంలో ఇట్లాంటి వాదన సాగదు. ఒక కవి వ్రాయబోయే కావ్యాన్ని గురించి, అది పూర్వకావ్యంకంటె గొప్పదవుతుందని పందెం కాసే విద్యార్థిని నేనింతవరకు చూడలేదు. వ్రాసినదానినే చదువుతాము, నచ్చితే మెచ్చుకుంటాము, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పడానికి పద్యమో వాక్యమో ఎత్తి చూపుతాము. సినిమా దర్శకుని విషయంలో మాత్రం చేసిన పని వెనుకకు పోయి, చేయబోయే పని ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఆయన కీర్తి ఆయన తీసిన చిత్రాల మీద గాక, తీయని చిత్రం మీద ఆధారపడినట్లు మాట్లాడతారు. రేపటి చిత్రం ఆడకపోతే నిన్నటి చిత్రం చెడిపోతుందా? ఈ ప్రశ్నను మన విద్యార్థులు ఒక్కసారి నిదానంగా ఆలోచించవలెనని నా కోరిక.

ఈ వాదనలోకి ఉర్దూ శాఖ విద్యార్థి ఒకడు కె. ఆసిఫ్ పేరును తెచ్చాడు. "భారీ చిత్రమంటే 'మొఘల్-ఎ-ఆజం', మిగిలినవన్నీ దాని నీడలు" అన్నాడట. మంచి పేరే తెచ్చాడు గాని, ఆ పేరు తన పక్షానికీ ఎదుటి పక్షానికీ కూడా ఉపకరించదని గమనించినట్లు లేదు.

ఆసిఫ్ తన జీవితంలో పూర్తిచేసిన చిత్రాలు రెండే. 1945లో 'ఫూల్', 1960లో 'మొఘల్-ఎ-ఆజం'. ఈ రెండవ చిత్రానికి మొదట 1946 ప్రాంతంలోనే చిత్రీకరణ జరిగినది. అప్పుడు అక్బరు పాత్రకు చంద్రమోహన్, అనార్కలి పాత్రకు నర్గీస్. దేశవిభజన వచ్చినది. ధనం సమకూర్చిన షిరాజ్ అలీ హకీమ్ పాకిస్తాను వెళ్ళిపోయాడు. 1949లో చంద్రమోహన్ మరణించాడు. అంతటితో ఆ చిత్రం ముగిసినట్లే అయినది. తరువాత గృహనిర్మాణ వ్యాపారంలో ఉన్న షాపూర్జీ పల్లోంజీ ధనసహాయంతో పృథ్వీరాజ్ కపూర్, దిలీప్ కుమార్, మధుబాలలతో మళ్ళీ మొదటినుండి ప్రారంభించవలసి వచ్చినది. ఆసిఫ్ ఇంకా తీస్తూండగానే 1953లో హిందీలో ఇతరులు 'అనార్కలి' తీశారు. ఆ చిత్రం విజయవంతమైనది, దాని పాటలు ఊరూరా మోగినవి. మన తెలుగులో కూడా 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో, అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావులతో 'అనార్కలి' వచ్చినది. చెప్పవలసిన కథను ఇద్దరు ముందుగానే చెప్పివేశారన్నమాట. నేటి మన వాదనాపద్ధతి ప్రకారం చూస్తే 1955నాటికి ఆసిఫ్‌ను గురించి ఏమని తీర్పు చెప్పవలెను? పదేళ్ళకు పైగా చిత్రం లేని దర్శకుడు, పాతబడిన కథ, చేతులు మారిన ధనం, మరణించిన నటుడు. మన రెండవ పక్షంవారు ఎంత ఘాటుగా మాట్లాడినా చాలదు.

1960 ఆగస్టు 5న చిత్రం విడుదలయినది. ఆ తర్వాత జరిగినది అందరికీ తెలుసు. అమానుల్లా ఖాన్, కమాల్ అమ్రోహీ, వజాహత్ మీర్జా, ఎహసాన్ రిజ్వీ అనే నలుగురు రచయితలు కూర్చిన ఆ ఉర్దూ సంభాషణను, ఉర్దూ అక్షరం ముక్క రానివారు కూడా కంఠస్థం చేశారు. మన ప్రాంతంలో మాతృభాష తెలుగయిన పెద్దలు దానిని అప్పజెప్పడం నేను చెవులారా విన్నాను. అద్దాల మహలులో దీపాలు ప్రతిఫలించి ఛాయాగ్రహణం సాధ్యంకాదని చెప్పినవారున్నారు. ఆర్.డి. మాథుర్ సాధించి చూపించాడు. నౌషాద్ సంగీతాన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒక చిన్న విషయం మాత్రం చెబుతాను. ఆ సంవత్సరపు ఫిలింఫేర్ బహుమానాలలో ఉత్తమ చిత్రం 'మొఘల్-ఎ-ఆజం' అయినది గాని, ఉత్తమ దర్శకుడుగా ఎన్నికయినవాడు ఆసిఫ్ కాడు. 'పరఖ్' తీసిన బిమల్ రాయ్. బహుమానాల లెక్కతో దర్శకుని కొలిచేవారు దీనికేమంటారో నాకు తెలియదు.

ఇక ఆయన తరువాతి చిత్రం. లైలా మజ్నూల కథను 'లవ్ అండ్ గాడ్' అనే పేరుతో 1963లో ప్రారంభించాడు. మజ్నూ పాత్రకు గురుదత్. 1964లో గురుదత్ మరణించాడు. చిత్రం ఆగిపోయినది. కొన్ని సంవత్సరాల తర్వాత సంజీవ్ కుమార్‌తో మళ్ళీ మొదలుపెట్టాడు. 1971 మార్చిలో ఆసిఫే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఎనిమిది సంవత్సరాలు. 1985లో సంజీవ్ కుమార్ కూడా కన్నుమూశాడు. ఆసిఫ్ భార్య అఖ్తర్ ప్రయత్నంతో, కె.సి. బొకాడియా సహాయంతో, ఉన్న ముక్కలను చేర్చి 1986లో ఆ చిత్రాన్ని విడుదల చేశారు. అది ఆసిఫ్ మనసులో ఉన్న చిత్రం కాదు, కాజాలదు.

1965లో ఎవరైనా ఇద్దరు అభిమానులు మన విద్యార్థులవలె కూర్చొని, 'లవ్ అండ్ గాడ్' తన ముందటి చిత్రాన్ని మించుతుందా మించదా అని బల్ల విరిగేలా వాదించుకున్నారనుకుందాము. ఎవరు గెలిచినట్లు? ఇద్దరూ వాదించుకున్న చిత్రం పుట్టనేలేదు. వచ్చిన మరొక చిత్రం ఆ వాదానికి సాక్ష్యంగా పనికిరాదు. అయినా ఆసిఫ్ కీర్తికి వచ్చిన లోటు లేదు. 2004లో పాత చిత్రానికే రంగులు వేసి మళ్ళీ విడుదల చేస్తే కొత్త తరం వారు వెళ్ళి చూచారు.

మన తెలుగు దర్శకుని మాట కూడా చెప్పుకోవలెను గదా. కె.వి. రెడ్డి 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిన దర్శకుడు. ప్రతి సన్నివేశానికి ఎంత నిడివి పట్టునో చిత్రీకరణకు పూర్వమే గడియారం పెట్టి లెక్కించుకొనేవాడని ప్రసిద్ధి. అట్టివాని 'సత్య హరిశ్చంద్ర' 1965లో ఆడలేదు. 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' కూడా ఆడలేదు. పనిలేని రోజులు వచ్చినవి. 1971లో 'శ్రీకృష్ణ సత్య' తీసి, మరుసటి సంవత్సరం మరణించాడు. ఆ రెండు పరాజయాలూ నేడు ఎవరికి జ్ఞాపకమున్నవి? 'మాయాబజార్'లో పాండవులు ఒక్కసారి కూడా తెరమీద కనిపించరన్న సంగతిని మాత్రం, తెలియనివారికి చెప్పి ఆశ్చర్యపరచడం తెలుగిండ్లలో ఇప్పటికీ ఒక వేడుక. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడుగా సావిత్రి నడక, భుజాల ఊపు, మీసం లేని మూతిమీద చేయి వేయడం చూచి యస్.వి. రంగారావును గుర్తుపట్టని వారుండరు. అది దర్శకుని పని, నటి పని. దానిని గురించి గంటసేపు మాట్లాడవచ్చు. 2010లో ఆ చిత్రానికి కూడా రంగులు పూశారు. నలుపు తెలుపులలో మార్కస్ బార్ట్లే చూపిన వెన్నెలే నాకు ఎక్కువ ఇష్టం, అది వేరు సంగతి.

రాబోయే చిత్రాన్ని గురించిన ఈ ఆత్రం ప్రేక్షకుల మనసులో దానంతటది పుట్టినది కాదు. దానిని పుట్టించే నేర్పు వ్యాపారంలో ఒక భాగమైనది. 'బాహుబలి' మొదటి భాగం చివర కట్టప్ప తన యజమానిని వెన్నుపోటు పొడిచాడు. ఎందుకు పొడిచాడని 2015 జులై నుండి 2017 ఏప్రిల్ వరకు దేశమంతా అడిగినది. నేను కూడా అడిగాను. కథ చెప్పడంలో అది గొప్ప చమత్కారమే, పూర్వం రాత్రిపూట కథ చెప్పేవారు రేపటికి దాచిపెట్టే ఎత్తుగడ వంటిదే. కాని ఆ ప్రశ్నతో తలమునకలై, అదే చిత్రంలో కళ్ళెదుట జరిగిన దానిని గురించి అడగడం చాలామంది మరిచిపోయారు. అవంతిక అనే యోధురాలి చేతిమీద ఆమెకు తెలియకుండా నాయకుడు బొమ్మలు వేయడం, తరువాత ఆమె ప్రతిఘటిస్తూండగానే ఆమె వేషాన్ని మార్చి, అలంకరించి, ఆమె స్త్రీత్వాన్ని ఆమెకే చూపించినట్లు చిత్రించడం సరియైనదేనా అని ఆనాడే కొందరు విమర్శకులు గట్టిగా అడిగారు. మా తరగతిలో ఆడపిల్లలు ఈ ప్రశ్నను నాతో అన్నారు గాని, మగపిల్లల వాదనలో ఇది ఒక్కసారి కూడా వినబడలేదు. పఠనమందిరంలో ఆ మూల బల్లదగ్గరికి ఆడపిల్లలు వెళ్ళరు. విరిగిన బల్ల అదే.

కోట్ల లెక్కలు కంఠతా వచ్చిన మన విద్యార్థులలో ఎంతమందికి 'బాహుబలి' ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్ అని తెలుసు? ఆ మాహిష్మతి కట్టడాలను రూపొందించినవాడు సాబు సిరిల్ అని తెలుసు? కథ వ్రాసినది దర్శకుని తండ్రి విజయేంద్రప్రసాద్ అని కొందరికి తెలుసు. రాజమౌళి 2010లో సునీల్ వంటి హాస్యనటుని నాయకుణ్ణి చేసి తీసిన 'మర్యాద రామన్న'కు మూలం బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ చిత్రమని చెబితే, తీసిన తీరు ఏమిటి, మార్చినదేమిటి అని పోల్చి చూచే ఉత్సాహం ఎవరికీ కలుగలేదు. నా మట్టుకు నేను, ఆయన చిత్రాలలో మొదటి స్థానం 'ఈగ' (2012)కే ఇస్తాను. నాయకుణ్ణి మొదటి భాగంలోనే చంపివేసి, మాట రాని ఒక ఈగను నాయకుణ్ణి చేసి, ప్రతినాయకుడు సుదీప్ నటన మీద కథనంతా నడిపించినాడు. పెద్ద తార భుజం ఆసరాగా లేనప్పుడు దర్శకుని సత్తా తేటగా కనబడుతుంది. దీనిని ఎవరైనా కాదంటే సంతోషంగా వింటాను, ఎందుకంటే కాదనేవారు కూడా ఆ చిత్రాన్ని చూచే కాదంటారు.

ఇప్పుడు, చూడని చిత్రం మీద తీర్పు చెప్పడం ఎంతవరకు దారితీయగలదో, మన వంటి కళాశాలవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంఘటన ఒకటి చెబుతాను. 2020 అక్టోబరులో, కొమరం భీము జయంతి సందర్భంగా 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలోని భీము పాత్రను పరిచయం చేస్తూ ఒకటి రెండు నిమిషాల ప్రకటనచిత్రం విడుదల చేశారు. దాని చివర భీము తలమీద టోపీ, కళ్ళకు సుర్మా, మెడలో తాయెత్తుతో ముస్లిం యువకుని వేషంలో కనిపించాడు. అంతే. చిత్రం విడుదల కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉన్నది. నిజాం ప్రభుత్వంతో పోరాడిన ఆదివాసీ వీరునికి టోపీ పెడతారా అని ఆగ్రహం చెలరేగినది. ఆదివాసీలలో కొందరు బాధపడ్డారు. వారి బాధను నేను తేలికగా చూడను, ఆ వీరుడు వారివాడు. ఐతే కొందరు నాయకులు ఆ చిత్రం ఆడితే థియేటర్లు మిగలవన్నంతదాకా వెళ్ళారు. ఆ రోజులలో ఆదిలాబాదు ప్రాంతంలోని మన పిల్లలకు, తమ తండ్రులూ తాతలూ రోజూ పెట్టుకొనే టోపీ ఒక అవమానచిహ్నంగా బహిరంగసభలలో ప్రస్తావనకు రావడం ఎట్లా అనిపించి ఉంటుందో ఊహించుకొనవచ్చు. దానికి బదులుగా మనవారిలో కొందరు ఆ చిత్రం మన పక్షాన్ని నిలబడే గొప్ప చిత్రమని, అది కూడా చూడకుండానే, చాటడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలలోని రెండు క్షణాల బొమ్మ మీద రెండు తీర్పులూ వెలువడినవి.

2022 మార్చిలో చిత్రం వచ్చిన తర్వాత తేలినదేమిటి? అపహరణకు గురి అయిన గోండు బాలిక మల్లిని వెదుకుతూ భీము ఢిల్లీకి వెళతాడు. అక్కడ తెల్లవారి కళ్ళు కప్పడానికి అఖ్తర్ అనే పేరుతో, ఒక ముస్లిం కుటుంబం నీడలో తలదాచుకుంటాడు. టోపీ ఒక మారువేషం, అయితే ఆ మారువేషాన్ని కాపాడినవారు నిజమైన ముస్లిములు. రామరాజు స్నేహం చేసినది కూడా మొదట అఖ్తర్‌తోనే. ఇందులో భీమును అవమానించినది ఏదీ నాకు కనబడలేదు. అదే సమయంలో, ముందుగా చాటినవారు అనుకున్నంత గొప్ప గౌరవం కూడా కనబడలేదు. భీము భీముగా బయటపడిన పిదప ఆ కుటుంబం కథలో వెనుకకు జరుగుతుంది. వారు ఆశ్రయమిచ్చిన మంచివారు, అంతవరకే. ఆ తల్లికి, ఆ ఇంటి పెద్దకు తమదంటూ ఒక కథ లేదు. ఈ మాట నేను నిందగా అనడం లేదు. చిత్రం చూచిన తర్వాత మాత్రమే అనగల మాట ఇది.

అడగవలసిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉన్నది. చరిత్రలోని కొమరం భీము పోరాడినది నిజాం ప్రభుత్వపు అటవీ, రెవెన్యూ అధికారులతో. జోడేఘాట్ కొండలలో 1940లో ఆయన ప్రాణాలర్పించాడు. అల్లూరి సీతారామరాజు పోరాడినది బ్రిటిష్ ప్రభుత్వంతో, ఆయన మరణం 1924లో. ఇద్దరూ కలుసుకొన్నట్లు చరిత్ర చెప్పదు. వారి జీవితాలలో వివరం తెలియని కొన్ని సంవత్సరాల ఖాళీలోనుండి ఈ కథ ఊహించినట్లు దర్శకుడే చెప్పాడు. ఊహకు హద్దు లేదు, అంగీకరిస్తాను. ఐతే భీము పోరాటాన్ని ఢిల్లీకి తరలించి, ఎదుట తెల్లదొరను నిలబెట్టినందువల్ల అడవిమీద, పోడు భూమిమీద, పశువుల మేతపన్నుమీద సాగిన ఆ అసలు పోరాటం ఏమైపోయినది? భీము పేరుతో నిలిచిన నినాదంలోని 'జంగల్', 'జమీన్' మన ఉర్దూ మాటలే గదా. ఆ నినాదం దేనికోసం పుట్టినదో చిత్రం ఎంతవరకు చెప్పగలిగినది? నిజాం ప్రభుత్వంతో భీము చేసిన పోరాటాన్ని గురించి మాట్లాడితే అది మన మతంమీద దాడి అవుతుందేమోనని జంకేవారు మనలో ఉన్నారు. ఆ జంకు అనవసరం. అది పన్నులు వసూలు చేసిన ప్రభుత్వానికీ, భూమి కోల్పోయిన ప్రజలకూ మధ్య జరిగిన పోరాటం. ఆ తరువాత నిజాం ప్రభుత్వమే గోండుల స్థితిగతులను పరిశీలించడానికి హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను నియమించవలసి వచ్చినదంటే, తప్పు ఎక్కడ జరిగినదో ఆ ప్రభుత్వానికే కొంత తెలిసినదన్నమాట. చిత్రం చివరి పాటలో స్వాతంత్ర్య వీరుల బొమ్మలు వరుసగా కనిపిస్తాయి, గాంధీజీ, నెహ్రూ ఉండరు. ఎందుకు లేరని వాదించుకుందాము. ఇట్టి వాదనలో బల్ల విరిగితే నేనే కొత్తది చేయిస్తాను.

కమిటీ పెద్దలకు ఇప్పుడు నా మనవి. పత్రికలను ఆపివేస్తే చర్చ ఆగదు. అది వసతిగృహం మెట్లమీదికి, బస్సులలోనికి, చేతిలోని ఫోనులలోనికి పోతుంది. అక్కడ దానిని వినే ఉపాధ్యాయుడుండడు. ఉర్దూ శాఖనూ, తెలుగు శాఖనూ ఒకచోట కూర్చోబెట్టిన విషయాన్ని మనంతట మనం చెదరగొట్టడం మంచిది కాదు. సంవత్సరానికి రెండుసార్లు జరిగే ముషాయిరా, అవధానం సభలలో కూడా మన రెండు శాఖలవారు రెండు వైపులా కూర్చుంటారన్నది పెద్దలకు తెలియనిది కాదు. సినిమా చూడడం విద్యార్థిని చెడగొడుతుందన్న అభిప్రాయం గల పెద్దలున్నారు, వారి వయస్సుకు నా గౌరవం. కాని మన విద్యార్థులు ఎట్లాగూ చూస్తున్నారు. చూచినదానిని గురించి ఆలోచించడం నేర్పే బాధ్యత ఎవరిదన్నదే నా ప్రశ్న. పద్యంలో దోషమెక్కడ ఉన్నదో చూపించమని పరీక్షలో అడిగే మనము, మూడు గంటల చిత్రంలో దోషమెక్కడ ఉన్నదో చూపించమని అడగడానికి సంకోచించనక్కరలేదు.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. రాజమౌళి తరువాతి చిత్రంకోసం ఎదురుచూడవద్దని నేను చెప్పను. నేనూ ఎదురుచూచేవాడినే, మొదటిరోజు టిక్కెట్టు దొరికితే సెలవుచీటి వ్రాసేవాడినే. కాని ఎదురుచూపు వేరు, తీర్పు వేరు. ఆ చిత్రం ఆడితే ఆయన 'ఈగ' మరింత మంచిది కాదు. ఆడకపోతే 'మర్యాద రామన్న'లోని నవ్వు తగ్గదు. ఆయన అభిమానులమని చెప్పుకొనే వారు, ఆయన తీసిన పన్నెండు చిత్రాలలో ఎన్నింటిని రెండవసారి శ్రద్ధగా చూచారో తమను తాము ప్రశ్నించుకోవచ్చు. విరోధులమని చెప్పుకొనే వారికి కూడా అదే ప్రశ్న వేస్తాను.

నా సూచన చిన్నది. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం సెమినార్ హాలులో ఒక చిత్రం ప్రదర్శించి, మరుసటి సోమవారం చివరి గంటలో దానిమీద చర్చ పెట్టవలెను. భౌతికశాస్త్ర విభాగంలో ప్రొజెక్టరు ఉన్నది, తెర ఉన్నది. ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి తీసుకొనే పని నేను చూసుకుంటాను. ఒక నెల ఉర్దూ లేక హిందీ చిత్రం, ఒక నెల తెలుగు చిత్రం. చర్చలో మాట్లాడదలచినవారు చిత్రంలోని ఏదో ఒక దృశ్యాన్ని పేర్కొని మాట్లాడవలెను, కోట్ల ప్రసక్తి తీసుకొనిరాకూడదు. మొదటి రెండు నెలలు ఆడపిల్లలలోనుండి ఒకరు చర్చను ప్రారంభించవలెను. మొదటి చిత్రంగా నేను 'మాయాబజార్' పేరు వ్రాసి ఇచ్చాను. ఉర్దూ శాఖాధిపతిగారు 'మొఘల్-ఎ-ఆజం' వ్రాసి ఇచ్చారు. దాని నిడివి మూడు గంటల పదిహేడు నిమిషాలు. మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టి, మధ్యలో పది నిమిషాలు విరామమిచ్చినా, పల్లెలనుండి వచ్చే విద్యార్థినులు ఆరు గంటల బస్సు అందుకొనగలరు. ఆ కాగితం కమిటీ ముందున్నది.